చరిత్రోపాధ్యాయులు గిడుగు రామమూర్తి పంతులుగారు

ప్రతి సంవత్సరము సెప్టెంబరు 5వ తేదీన ఢిల్లీ నగరమున, దేశపు నలుమూలలనుండి ఎంపికయైన ఉపాధ్యాయులకు జాతీయ పురస్కారముల నిచ్చుచుందురు. ఈ యేర్పాటును భారత ప్రభుత్వము 1958లో ప్రారంభించినది. సర్వేపల్లి రాధాకృష్ణ పండితులు రాష్ట్రపతియైన 1962వ సంవత్సరము మొదలు వారి జన్మదినమే ఉపాధ్యాయ దినముగా జరుగుచున్నది. బడిపిల్లలకు చరిత్రలోను పౌరశాస్త్రములోను పోటీలు పెట్టి బహుమతులు పంచుటయు నేడు అన్ని తావుల వాడుకయైనది. ఇవి మంచి యాచారములే. చదువు చెప్పువానిని నలుగురిలో నిలువబెట్టి గౌరవించుట వలన చదువునకే గౌరవము కలుగుచున్నది.

ఈ యేర్పాటులేవియు లేని కాలమున ఒక జమీందారీ పట్టణములో, ముప్పది రూపాయల జీతముపై చిన్న తరగతులకు చరిత్ర పాఠములు చెప్ప నారంభించిన పంతులుగా రొకరుండిరి. వారికి ప్రభుత్వమువారు బిరుదు నిచ్చిరి. తరువాత పతకము నిచ్చిరి. విశ్వవిద్యాలయమువారు కళాప్రపూర్ణ పట్టము కట్టిరి. కాని వారు తమ యుత్తరార్ధ జీవితమంతయు ఏ దొక్కటి కావలెనని యడిగిరో దానిని మాత్రము విద్యాధికారులు వారు బ్రతికియుండగా ఈయలేదు. ఆ పంతులుగారే గిడుగు వేంకట రామమూర్తిగారు.

శ్రీకాకుళమునకు ఉత్తరముగా మూడు మైళ్ల దూరమున, ముఖలింగము పోవు దారిలో, పర్వతాలపేట యను గ్రామము కలదు. అక్కడ 1863 ఆగస్టు 29వ తేదీన రామమూర్తిగారు జన్మించిరి. ఆ తేదీనే నేడు తెలుగు భాషా దినోత్సవముగా జరుపుకొనుచున్నాము. తండ్రి వీరరాజుగారు, తల్లి వెంకమ్మగారు. వీరరాజుగారు ఆ ఠాణాలో సంప్రతి యుద్యోగము చేయుచుండిరి. సంప్రతి యన్న మాట ఈ తరమువారికి తెలియకపోవచ్చును. శిస్తు లెక్కలు చూచు ఉద్యోగికి ఆ పేరు. కొంత కాలమునకు ఆయనకు చోడవరమునకు బదిలీయైనది. 1875లో అక్కడనే జ్వరము తగిలి ఆయన కాలధర్మము చెందిరి. కుమారునకు అప్పటికి పండ్రెండేండ్లు. సంప్రతి చనిపోయిన యింట మిగులునది లెక్కల కట్టలే గాని ధనము కాదు.

బంధువుల యండతో బాలుడు విజయనగరము చేరి మహారాజావారి ఇంగ్లీషు పాఠశాలలో చదివెను. ఆ బడిలోనే గురజాడ అప్పారావుగారు సహాధ్యాయులుగా దొరకిరి. ఒక యూరి బడిలో కలిసికొన్న ఈ యిద్దఱును నలువది యేండ్ల తరువాత తెలుగు వాక్యమునే మలుపు తిప్పుదురని ఆనాడెవ్వరికిని తోచియుండదు. 1879లో రామమూర్తిగారు మెట్రిక్యులేషను పరీక్షలో కృతార్థులైరి. ఆ సంవత్సరమే వివాహమును జరిగెను. ఇక పై చదువునకు పోవుటకు వీలు లేదు, సంసారము నిలువవలెను. మరుసటి యేడు, 1880లో, పర్లాకిమిడి రాజావారి పాఠశాలలో మొదటి ఫారమునకు చరిత్ర చెప్పు ఉపాధ్యాయులుగా చేరిరి.

పర్లాకిమిడి అప్పుడు మద్రాసు రాజధానిలోని గంజాము జిల్లాలో చేరియుండెను. తూర్పు కనుమల పాదమున నున్న పట్టణమది. ఒక ప్రక్క తెలుగు పల్లెలు, ఒక ప్రక్క ఒడియా పల్లెలు, వెనుక కొండలమీద సవరలు. సంతరోజున మూడు భాషలును ఒక్కచోట వినబడును. పదునేడేండ్ల యువకుడు ఆ యూర అడుగుపెట్టి, తన యేబదియాఱేండ్ల జీవితము నక్కడనే గడపెను. బడిలో పిల్లలకు పాఠము చెప్పి, యింటికి వచ్చి తాను పిల్లవానివలె కూర్చుండి పాఠము చదువుకొనెను. ప్రైవేటుగా చదివి 1886లో ఎఫ్.ఏ. పరీక్ష నిచ్చిరి. తరువాత చరిత్రను ముఖ్య విషయముగా గైకొని బి.ఏ. పట్టమును సంపాదించిరి. చరిత్రలో ఉన్నత శ్రేణి వచ్చినది. రాజావారి పాఠశాల కళాశాలగా పెరిగినప్పుడు ఆ పై తరగతులకును చరిత్ర చెప్పు అధికారము వారికి లభించినది.

ఆనాటి చరిత్ర పుస్తకము లెట్టివో పెద్దవారికి జ్ఞాపకముండవచ్చును. ఇంగ్లండు రాజుల వరుస, గవర్నరు జనరలుల వరుస, యుద్ధముల తేదీలు. పర్లాకిమిడికి దక్షిణమున కొద్ది ఆమడల దూరములో వంశధార యొడ్డున ముఖలింగ క్షేత్రమున్నది. మధుకేశ్వర, సోమేశ్వర, భీమేశ్వరాలయములు అక్కడ కలవు. ఆ గుడుల గోడలనిండ శాసనములే. పుస్తకములో కళింగమునకు పంక్తి యైనను లేదు. గోడమీద కళింగ చరిత్ర చెక్కియున్నది. భక్తులు దాని ప్రక్కనే ప్రదక్షిణము చేసి పోవుచుండిరి గాని చదువగలవారు లేరు.

రామమూర్తిగారు ఆ ప్రాచీన లిపిని ఎవరివద్దను శుశ్రూష చేసి నేర్చినవారు కారు. లిపి పరిణామమును తెలుపు గ్రంథములను తెప్పించుకొని, అక్షరమునకు అక్షరము పోల్చుకొని, స్వయముగా నేర్చిరి. మన గుడిలో అరిగిపోయిన శాసనపు పంక్తి నొకదానిని చదువ ప్రయత్నించినవారికి ఆ శ్రమ తెలియును. ఒక గుణింతము చెరిగినచో రాజు పేరే మారిపోవును. నరసన్నపేట తాలూకాలోని నడగాములో దొరకిన తూర్పు గాంగరాజు వజ్రహస్తుని తామ్రశాసనమును వారు పరిష్కరించి, ప్రభుత్వమువారి శాసన పత్రికయగు ఎపిగ్రాఫియా ఇండికా నాల్గవ సంపుటమున ప్రకటించిరి. ఆ శాసనము శకవర్షము 979 నాటిది. శకమునకు 78 కలిపినచో క్రీస్తుశకము వచ్చును గనుక అది 1057 అగును. శాసనములలో మాటిమాటికి కనబడు కళింగనగర మను రాజధాని సముద్రతీరమందలి కళింగపట్టణమని కొందఱు తలచుచుండగా, అది ముఖలింగమే యని పంతులుగారు నిరూపించిరి. పూరీలో జగన్నాథస్వామికి మహాలయము నెత్తించిన అనంతవర్మ చోడగంగదేవుని వంశమువారు మొదట ఏలినది ఈ వంశధార యొడ్డుననే యని తెలిసినపుడు, మొదటి ఫారము పిల్లవానికి చరిత్ర యనగా తన యూరి పొలిమేరలోనిదే యని తోచియుండును. చరిత్రోపాధ్యాయునకు ఇంతకు మించిన పాఠ్యోపకరణము దొరకదు.

ఇంతటితో నిలిచియున్నచో రామమూర్తిగారు చరిత్రకారుల పట్టికలో ఒక గౌరవస్థానముతో మిగిలియుందురు. కాని వారి చూపు కొండమీదికి పోయెను.

సవరలు కొండలయందు పోడుసేద్యము చేసికొని బ్రతుకువారు. సంతకు దిగివచ్చిన నాడు వారి మాట పల్లమువారికి తెలియదు, పల్లపువారి మాట వారికి పూర్తిగా తెలియదు. తూకములోనో, అప్పుపత్రములోనో, కచేరీలోనో మోసము జరిగినను అడుగుటకు నోరుండదు. తనకు తెలియని భాషలో వ్రాసిన కాగితముమీద వేలిముద్ర వేయువాని స్థితి యెట్టిదో, కాగితములతో పని గల యెవ్వరికైనను తెలియనిది కాదు. వీరికి చదువు చెప్పవలెనని పంతులుగారికి తోచెను. చెప్పవలెనన్న ముందు తాను వారి భాష నేర్వవలెను. ఆ భాషకు లిపి లేదు, వ్యాకరణము లేదు, నిఘంటువు లేదు. తెలుగును సవరయును వచ్చిన వాని నొకని తమ యింటనే పెట్టుకొని, వానిని గురువుగా భావించి, పంతులుగారు శిష్యులైరి.

సవరభాష తెలుగునకు చుట్టము కాదు. అది ముండా భాషా కుటుంబమునకు చేరినది. దానిలో గొంతు నొక్కి పలుకు ధ్వనులు కలవు. వానిని తెలుగు లిపిలో వ్రాయ వీలు పడదు. అందువలన పంతులుగారు పాశ్చాత్యుల ధ్వనిశాస్త్ర గ్రంథములను చదివి, ఏ ధ్వని నోట నెచ్చట పుట్టునో పరిశీలించి, ప్రతి ధ్వనికిని ఒక గుర్తు నేర్పఱచుకొనిరి. ఇది ఒక సంవత్సరపు పని కాదు, అయిదు సంవత్సరముల పని కాదు. నలువది యేండ్లకు పైగా సాగినది. సవర మాటలు, సవర పాటలు, సవర కథలు ప్రోగుచేసిరి. సవరభాషలో వాచకములు వ్రాసిరి. తమ జీతములో కొంత తీసి సవరపిల్లలకు బడులు పెట్టి, అక్కడి యుపాధ్యాయులకు జీతము లిచ్చిరి. ముప్పది రూపాయలతో మొదలైన యుద్యోగస్థుడు తానే యింకొకరికి జీత మిచ్చువాడగుట ఏ పద్దు క్రింద వ్రాయవలెనో లెక్కలు వ్రాయువారికి తోచదు. ఆ బడులలో పిల్లలకు మొదటి పాఠము తెలుగులోనో ఒడియాలోనో కాక వారి తల్లి మాటలోనే చెప్పబడెను. ఇప్పుడీ పద్ధతిని మాతృభాషా బోధన యని గొప్పగా చెప్పుకొనుచున్నాము. అప్పుడది ఒక చరిత్రోపాధ్యాయుని పిచ్చి.

కొండమార్గముల తిరుగుటకు మూల్యము చెల్లింపవలసి వచ్చెను. మన్యపు జ్వరము పట్టిన వారిని విడువదు. దానికి మందు క్వినైను. క్వినైను మితిమీరి పుచ్చుకొనుటచే పంతులుగారి వినికిడి పోయెను. చెవితో ధ్వనులను పట్టి ఒక భాషకు లిపి కల్పించిన వాని చెవులే చెడుట చూడగా, విధి యెవరి వద్ద ఏది తీసికొనవలెనో యెఱిగియే తీసికొనునా యని యనిపించును. ఆ లోపమును వారు లెక్క పెట్టలేదు. చెవిటితనముతోనే దేశమంతయు తిరిగి సభలలో వాదము చేసిరి.

1911లో ముప్పదియేండ్ల కొలువు చాలించి పదవీవిరమణము చేసిరి. సవరల నిమిత్తము చేసిన కృషిని గుర్తించి మద్రాసు ప్రభుత్వమువారు 1913లో వారికి రావుసాహెబు బిరుదము నొసగిరి. అంతకు మించి, వారి సవర గ్రంథములను ప్రభుత్వమే ముద్రించుటకు పూనుకొనెను. సవరభాషా బోధిని 1931లోను, సవర ఇంగ్లీషు నిఘంటువు 1938లోను మద్రాసు ప్రభుత్వ ముద్రణాలయమున అచ్చయినవి. 1930 దశకపు తొలి యేండ్లలోనే కైజరిహిందు పతకమును వచ్చెను. పరప్రభుత్వము నాటి బిరుదు లనగానే ఉద్యోగుల దాసోహమునకు ప్రతిఫలమని త్రోసివేయుట మనకు అలవాటైనది. చాలమంది విషయమున అది నిజమే. ఈ బిరుదము మాత్రము కొండమీద బడి పెట్టినందుకు వచ్చినది.

ఇక రెండవ కథ. పంతులుగారి పేరు నేడు తెలుగునాట నిలిచియున్నది దీనివలననే.

1907 ప్రాంతమున ఉత్తర సర్కారులకు పాఠశాలల తనిఖీ అధికారిగా జే.ఏ. యేట్సు దొరగారు వచ్చిరి. ఆయన తెలుగు నేర్వ మొదలిడి, ఒక వింతను గమనించెను. ఇంటిలో పిల్లవాడు మాటాడు తెలుగు వేఱు, బడిలో వానిచే వ్రాయించు తెలుగు వేఱు. అమ్మతో వస్తున్నాననువాడు పలకమీద వచ్చుచున్నాననవలెను. చేస్తానను మాట తప్పు, చేసెదననుట ఒప్పు. చిన్న తరగతులలో పంతుళ్లు పాఠమును పిల్లలకు తెలిసిన మాటలతో చెప్పుటకు బదులు, తెలియని మాటను మఱియొక తెలియని మాటతో విడమఱచుచుండిరి. ఇంగ్లండులో నిట్లు లేదే, మీ రెందుకిట్లు చేయుచున్నారని ఆయన విచారింప మొదలుపెట్టెను. విశాఖపట్టణపు కళాశాలాధ్యక్షులు పి.టి. శ్రీనివాస అయ్యంగారు ఆయనను గురజాడవారి వద్దకును గిడుగువారి వద్దకును పంపిరి.

గిడుగువారికి ఇది క్రొత్త ప్రశ్న కాదు. సవరపిల్లవానికి తెలియని భాషలో చదువు చెప్పుట అన్యాయమని తలచినవారు, తెలుగుపిల్లవానికి తెలియని తెలుగులో చదువు చెప్పుట న్యాయమని యెట్లు తలచగలరు? కొండమీద నేర్చిన పాఠమే పల్లమున వారికి వాదమైనది. 1912–13లో విద్యాశాఖవారు ఫైనలు పరీక్షలలో వ్యాసరచన యందు వ్యావహారిక భాషను వాడుటకు సమ్మతించిరి. వెంటనే పండితలోకము కదలినది. జయంతి రామయ్య పంతులుగారు ముందు నిలిచి, 1911లో తాము స్థాపించిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు పక్షమున, సభలు చేసి, మహజర్లు పంపి, గట్టి యుద్యమము నడపిరి. ఆ యనుమతిని దొరతనమువారు త్వరలోనే ఉపసంహరించుకొనిరి. విశ్వవిద్యాలయపు సంఘములో అప్పారావుగారు 1914లో తమ యసమ్మతి పత్రమును వ్రాసి యిచ్చిరి గాని ఫలింపలేదు. మరుసటి సంవత్సరమే వారు గతించిరి. పంతులుగారు ఒంటరియైరి.

రామయ్య పంతులుగారిని ఇక్కడ తక్కువ చేయుట న్యాయము కాదు. వారును మహాపండితులు, వారును శాసనములను చదివి పరిష్కరించినవారు, సూర్యరాయాంధ్ర నిఘంటువునకు పునాది వేసినవారు. భాష నియమము తప్పిన రేపటి పిల్లలకు నన్నయ తిక్కనల పద్యము అర్థము కాకుండ పోవునని వారి భయము. ఆ భయము వట్టిది కాదు. ఒకే విధమైన రాళ్లను చదివిన ఇరువురు రెండు తీరుల అర్థము చేసికొనిరి. రామయ్యగారు శాసనములలో భాష యొక్క పాతదనమును చూచిరి. రామమూర్తిగారు భాష మారుచుండుటను చూచిరి. చరిత్ర చెప్పువాడు మార్పును చూడక మానడు.

తరువాత వారి పోరాట విధము చరిత్రకారుని విధమే. తిట్టునకు తిట్టు బదులు పెట్టక, సాక్ష్యము పెట్టిరి. పూర్వకవుల కావ్యములు, పాత వ్యాఖ్యానములు, వచన గ్రంథములు వెదకి, వ్యాకరణకర్తలు కూడదన్న ప్రయోగములను కవులు ఎన్నిచోట్ల వాడిరో పట్టికలు వేసిరి. బాలకవి శరణ్యము, గద్య చింతామణి యను వారి గ్రంథములు ఆ పట్టికలనుండి పుట్టినవి. గ్రాంథికమే వ్రాయవలెనను పండితులు తామే తప్పులు లేక వ్రాయలేకున్నారని, వారి వారి పుస్తకములనుండియే తప్పులెత్తి ఆంధ్ర పండిత భిషక్కుల భాషాభేషజమున చూపిరి. ఆ గ్రంథమునకు కోపము తెచ్చుకొనినవారు అనేకులు. అందు చూపిన తప్పు తప్పు కాదని నిరూపించినవారు అరుదు.

పంతులుగారి చరిత్రను గ్రాంథికమున వ్రాయుట వారికి అపచారమని ఎవరికైనను తోచవచ్చును. వారు గ్రాంథికమును ద్వేషించినవారు కారు. ప్రాచీన కావ్యములు వారికి కంఠస్థములు. వాని వ్యాకరణము వారికి తెలిసినంత వారి ప్రతిపక్షులలో పలువురకు తెలియదు. ఇష్టపడి నేర్చినవాడు గ్రాంథికము వ్రాసికొనవచ్చును. నేర్వని పిల్లవానిపై దానిని మోపి, తప్పులు పట్టి, పరీక్ష తప్పించుటను మాత్రమే వారు సహింపలేదు. పరీక్షలో తప్పిన పిల్లవాడు బడి మానును. బడి మానినవాడు మరల పుస్తకము పట్టడు. అంతటి విషయమది.

1919 ఫిబ్రవరి 28వ తేదీన రాజమహేంద్రవరమున వర్తమాన వ్యావహారికాంధ్ర భాషా ప్రవర్తక సమాజము ఏర్పడెను. అధ్యక్షులు కందుకూరి వీరేశలింగం పంతులుగారు, కార్యదర్శి రామమూర్తిగారు. గ్రాంథిక వచనమున గ్రంథములకు గ్రంథములు రచించిన వీరేశలింగంగారు తమ జీవితపు కడపటి నెలలలో ఈ పక్షమునకు వచ్చుట చిన్న సంగతి కాదు. ఆ మే నెలలోనే వారు పరమపదించిరి. ఆ సంవత్సరమే రామమూర్తిగారు తెలుగు అను మాసపత్రికను నడపిరి. ఒక్క సంవత్సరమే నడచినది. 1924లో ఆంధ్ర సాహిత్య పరిషత్తువారు కాకినాడలో వ్యావహారికముపై తమ నిషేధమును సడలించిరి. మరుసటి యేడు తణుకు సభలో పంతులుగారు నాలుగు గంటలపాటు మాటాడి, గ్రంథములనుండి ప్రయోగములను ఒక్కొక్కటిగా చూపి, సభను ఒప్పించిరి. ఆ నాలుగు గంటలలో తమకు వచ్చిన యాక్షేపణలను చెవితో విననేరని మనుష్యుడు మాటాడినాడని జ్ఞాపకముంచుకొనవలెను.

పండితులు మెత్తబడిరి, పత్రికలు మాఱ దొడగెను. పర్లాకిమిడిలో వారివద్ద చదువుకొన్న తాపీ ధర్మారావుగారు తరువాత జనవాణి పత్రికను వాడుక భాషలో నడపిరి. కాని బడి మాఱలేదు. పాఠ్యపుస్తకము, పరీక్ష పత్రము పాత దారినే పోయెను. విద్యాలయములలో వాడుక భాష పూర్తిగా కుదురుకొనుటకు పంతులుగారు పోయిన తరువాత ఇంకను దశాబ్దములు పట్టినది. ఒక ఉపాధ్యాయునకు పతకము నిచ్చుట సులభము. ఉపాధ్యాయుడు అడిగిన మార్పును బడిలోనికి రానిచ్చుట కష్టము.

1936 వచ్చెను. ఆ యేప్రిలు 1వ తేదీన ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినది. పర్లాకిమిడి పట్టణమును, ఎస్టేటులో కొంత భాగమును క్రొత్త రాష్ట్రమున చేరెను. ఒడియావారు తమ భాష మాటాడువా రందఱును ఒక పాలనలో నుండవలెనని యేండ్ల తరబడి పోరాడిరి. దానికి నాయకత్వము వహించినవారిలో ముఖ్యులు పర్లాకిమిడి రాజా కృష్ణచంద్ర గజపతిగారే. వారి కోరిక ధర్మమైనదే. కాని ఆ పట్టణమున తెలుగువారు వేలకొలది కలరు. తమ పిల్లల చదువు, తమ కచేరీ వ్యవహారము ఏ భాషలో జరుగునను సందేహము వారికి కలిగినది. పంతులుగారు తెలుగువారి పక్షమున గట్టిగా నిలిచి, పర్లాకిమిడిని ఒరిస్సాలో చేర్చరాదని వాదించిరి. ఏ రాజావారి పాఠశాలలో ముప్పదియేండ్లు జీతము పుచ్చుకొనిరో, ఆ రాజావారి యూరనే యుండి, ఆ రాజావారి మతమునకు ఎదురు చెప్పిరి.

వాదము నెగ్గలేదు. రాష్ట్రము ఏర్పడిన నాడే పంతులుగారు ఆ యూరు విడిచిరి. అప్పటికి వారికి డెబ్బదిరెండేండ్లు. పదునేడవ యేట వచ్చిన యూరు. బిడ్డలు పుట్టి పెరిగిన యూరు. కిటికీ తీసిన సవరకొండలు కనబడు యూరు. ఇల్లు వాకిలి, పరిచయములు, శిష్యులు, నలువది యేండ్ల సవరభాషా పరిశ్రమకు ఆధారమైన మనుష్యులు, అన్నియు అక్కడనే. ఇది పట్టుదలయా, పంతమా యని అడుగువారు అప్పుడును కలరు, ఇప్పుడును కలరు. సవరల భాషను నేర్చి గౌరవించినవారు ఒడియా నీడన ఉండలేకపోయిరా యని ఆక్షేపింపవచ్చును. దీనికి సమాధానము చెప్పుట కష్టమే. ఒడియాపై వారికి పగ యున్నట్లు కనబడదు. తెలుగుబిడ్డకు తెలుగు బడి లేని చోట తాముండమని మాత్రము నిశ్చయించుకొనిరి. రాజమహేంద్రవరము చేరి అక్కడ కాపుర మేర్పఱచుకొనిరి.

ఆ వయస్సున మనుష్యులు సాధారణముగా తీర్థయాత్రల మాట తలచుదురు. పంతులుగారు సవర నిఘంటువు ప్రూఫులు దిద్దుకొనిరి. 1938లో అది వెలువడెను. ఆ సంవత్సరమే ఆంధ్ర విశ్వకళాపరిషత్తువారు కళాప్రపూర్ణ బిరుదముతో సత్కరించిరి. కుమారులు సీతాపతిగారును తండ్రి దారినే భాషాశాస్త్రమున కృషి చేసి సవరభాష నెఱిగిన పండితులైరి.

సత్కారములు ముగిసిన తరువాతను వారు అడిగిన దానిని అడుగుట మానలేదు. 1940 జనవరి 15వ తేదీన మద్రాసులో ప్రజామిత్ర కార్యాలయమున పత్రికా సంపాదకులు సమావేశమైరి. పంతులుగారు అక్కడికి పోయి, ప్రభుత్వపు పుస్తకములును విశ్వవిద్యాలయములును ఇంకను పాత భాషనే పట్టుకొని యున్నవి గనుక, ప్రజలతో నిత్యము మాటాడు పత్రికలవారైనను ప్రజల భాషను విడువక నిలుపవలెనని చేతులు జోడించి కోరిరి. బిరుదుల ప్రస్తావన తేలేదు. తమ కష్టముల ప్రస్తావన తేలేదు. వారము తిరిగినది. జనవరి 22వ తేదీన, డెబ్బదియాఱేండ్ల వయస్సున, కన్నుమూసిరి.